ఆఫీసుకు తాళం, నింద పక్కవాడికి: అమెరికా షట్‌డౌన్ల కథ

2025 అక్టోబర్ మొదటి వారంలో అమెరికా విద్యాశాఖ ఉద్యోగుల్లో చాలామందిని జీతం లేకుండా ఇంటికి పంపేశారు. వెళ్లే ముందు వాళ్లు మామూలుగా చేసే పనే చేశారు. నిధులు లేక సెలవులో ఉన్నామని, ఆఫీసు తెరిచాక జవాబిస్తామని ఈమెయిల్‌లో ఆటోమేటిక్ జవాబు పెట్టుకున్నారు. తర్వాత చూస్తే ఆ జవాబు మారిపోయి ఉంది. ప్రతినిధుల సభ నిధుల బిల్లును పాస్ చేసిందని, సెనేట్‌లో డెమొక్రాట్లు దాన్ని అడ్డుకుంటున్నారని, అందుకే జవాబు ఇవ్వలేకపోతున్నామని అందులో రాసి ఉంది. కింద పేరు మాత్రం ఆ ఉద్యోగిదే. కొందరు మళ్లీ తమ మాటలు తాము పెట్టుకున్నారు. అవి మళ్లీ మారిపోయాయి. ఉద్యోగుల సంఘం కోర్టుకెక్కింది. ఉద్యోగుల నోట్లో పార్టీ మాటలు పెట్టడం రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వేచ్ఛకు విరుద్ధమని నవంబర్ 7న ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు.

మామూలుగా రాజకీయాల్లో ముందు తప్పు జరుగుతుంది, ఆ తర్వాత ఆ తప్పు ఎవరి మీదకు నెట్టాలా అని వెతుకులాట మొదలవుతుంది. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్) నిధులు మంజూరు చేయక ప్రభుత్వ ఆఫీసులు మూతపడే షట్‌డౌన్‌లో ఈ వరస తిరగబడుతుంది. నిందను ముందే సిద్ధం చేసి పెట్టుకుంటారు. అది అవతలివాళ్ల మీద అతుక్కుంటుందన్న నమ్మకం రెండు వైపులా కుదిరిన రోజు ఆఫీసులకు తాళాలు పడతాయి. అమెరికా ఓటర్లు వాషింగ్టన్ పేరెత్తితేనే విసుక్కోవడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటినీ ఒకేచోట చూడాలంటే షట్‌డౌన్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

బయటివాళ్లు ఇది అమెరికా రాజ్యాంగంలోనే ఉందనుకుంటారు. లేదు. ఖజానా నుంచి డబ్బు తీయాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలని మాత్రమే రాజ్యాంగం చెబుతుంది. మంజూరు కాని డబ్బును ఏ శాఖా ఖర్చు పెట్టకూడదనే చట్టం 19వ శతాబ్దం నుంచీ ఉంది. అయినా వందేళ్ల పాటు ఎవరూ ఆఫీసులు మూసుకోలేదు. బడ్జెట్ నాలుగు రోజులు ఆలస్యమైతే పొదుపుగా నెట్టుకొచ్చేవారు, కాంగ్రెస్ తీరిగ్గా బిల్లులు పాస్ చేసేది. 1980లో జిమ్మీ కార్టర్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టాన్ని అక్షరాలా చదివి, నిధులు ఆగితే పని కూడా ఆగాల్సిందేనని అభిప్రాయం రాశారు. ఆ ఏడాది మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూతపడింది. మరుసటి ఏడాది జనవరిలో ఆయనే ఇంకో అభిప్రాయం ఇచ్చి, ప్రాణాలకు, ఆస్తికి రక్షణ కల్పించే పనులను మినహాయించారు. విమానాలకు దారి చూపేవాళ్లు, సరిహద్దు కాపలావాళ్లు జీతం లేకుండానే డ్యూటీకి రావడం వెనుక ఉన్నది ఆ మినహాయింపే. ఒక లాయరు రాసిన కొన్ని పేజీలు ఇంత దూరం తీసుకొచ్చాయి.

దీనికి కాంగ్రెస్ బద్ధకం తోడైంది. ఏటా అక్టోబర్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోగా 12 నిధుల బిల్లులు పాస్ కావాలి. 1970ల్లో ఇప్పటి బడ్జెట్ పద్ధతి వచ్చాక ఇవన్నీ సకాలంలో పాసైంది నాలుగంటే నాలుగు సార్లు. చివరిసారి 1996లో. మిగతా ఏళ్లన్నీ తాత్కాలిక పొడిగింపులతోనే గడిచాయి. అలాంటి ప్రతి పొడిగింపూ కొత్త గడువును తెస్తుంది, ప్రతి గడువూ బెదిరింపుకు ఒక కొత్త అవకాశం.

మన దగ్గర ఇలా ఎందుకు జరగదని ఎవరైనా అడగొచ్చు. పూర్తి బడ్జెట్ సిద్ధం కాకపోతే కొన్ని నెలల ఖర్చుకు ముందస్తు అనుమతి ఇచ్చే ఓట్ ఆన్ అకౌంట్ పెట్టుకునే వీలుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, లోక్‌సభలో డబ్బు బిల్లు ఓడిపోయిందంటే ప్రభుత్వానికి మెజారిటీ పోయినట్టే, దిగిపోవాల్సిందే. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది. అమెరికాలో అధ్యక్షుడు, ప్రతినిధుల సభ, సెనేట్ ముగ్గురూ వేర్వేరుగా ఎన్నికవుతారు, బడ్జెట్ ఓడిందని ఎవరూ ఎవరినీ దింపలేరు. పైగా సెనేట్‌లో 100 మంది ఉంటే, చాలా బిల్లుల మీద చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లడానికి 60 మంది కావాలి. ఈ 60 అంకె నిందల రాజకీయానికి పెట్టని కోట.

2025లో జరిగింది చూస్తే ఇది అర్థమవుతుంది. వైట్‌హౌస్, ప్రతినిధుల సభ, సెనేట్ మూడూ రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. సెనేట్‌లో వాళ్లు 53 మంది. ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ కింద ప్రీమియాలకు ఇస్తున్న అదనపు సబ్సిడీ ఆ ఏడాది చివరితో ముగిసిపోతోంది, దాన్ని పొడిగిస్తేనే ఓటేస్తామని డెమొక్రాట్లు పట్టుబట్టారు. అన్నీ మీ చేతిలోనే ఉంటే ప్రభుత్వం మూతపడటానికి మేమెలా కారణమని డెమొక్రాట్లు అడిగారు. తెరవడానికి మేం పదిసార్లకు పైగా ఓటేశాం, ప్రతిసారీ అడ్డుకున్నది మీరే కదా అని రిపబ్లికన్లు అన్నారు. రెండూ నిజమే! అందుకే ఏ ఓటరూ తన పార్టీని తప్పుపట్టాల్సిన అవసరం రాలేదు. 60 ఓట్ల నిబంధనను ఎత్తేయమని ట్రంప్ సొంత పార్టీ సెనేటర్లను గట్టిగానే అడిగారు. వాళ్లు వినలేదు. రేపు మైనారిటీలో కూర్చోవాల్సి వస్తే ఆ అడ్డుకట్ట తమకూ కావాలి మరి.

ఇదే నాటకాన్ని 2013లో వేషాలు మార్చి ఆడారు. అప్పుడు అధ్యక్షుడు ఒబామా, సెనేట్ డెమొక్రాట్లది, ప్రతినిధుల సభ రిపబ్లికన్లది. ఒబామాకేర్‌కు నిధులు ఆపితేనే బడ్జెట్‌కు ఒప్పుకుంటామని రిపబ్లికన్లు కూర్చున్నారు. షరతుల్లేని బిల్లు పెట్టండి, ప్రభుత్వాన్ని బందీ చేసి బేరమాడటం ఏం పద్ధతి అని డెమొక్రాట్లు మండిపడ్డారు. పన్నెండేళ్ల తర్వాత షరతుల్లేని బిల్లు మాట రిపబ్లికన్ల నోట వినపడింది, బేరం డెమొక్రాట్లది అయింది. అప్పటి, ఇప్పటి ప్రసంగాలను పక్కపక్కన పెట్టి పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

2013 నాటి ఒక సన్నివేశం దగ్గర కాస్త ఆగాలి. షట్‌డౌన్‌తో వాషింగ్టన్‌లోని రెండో ప్రపంచ యుద్ధ స్మారకం చుట్టూ బారికేడ్లు పెట్టారు. చక్రాల కుర్చీల్లో వచ్చిన ఎనభై, తొంభై ఏళ్ల మాజీ సైనికులు వాటిని జరిపించుకుని లోపలికి వెళ్లారు. కెమెరాలున్నచోటికి కాంగ్రెస్ సభ్యులు రావడం ఎంతసేపు? వాళ్లలో టెక్సాస్ రిపబ్లికన్ ర్యాండీ న్యూగెబావర్ అక్కడ డ్యూటీలో ఉన్న పార్క్ రేంజర్‌ను పట్టుకున్నారు. ఈ పెద్దవాళ్లను చూస్తూ లోపలికి పోవద్దని ఎలా చెప్పగలుగుతున్నావని నిలదీశారు. కష్టంగానే ఉందని ఆమె అంది. కష్టంగా ఉండాల్సిందేనని, పార్క్ సర్వీస్ సిగ్గుపడాలని ఆయన అన్నారు. నేను సిగ్గుపడటం లేదని ఆమె జవాబు. పక్కనున్న ఒక వ్యక్తి ఊరుకోలేకపోయాడు. ఆమె తన పని తాను చేస్తోందని, తానూ ముప్పై ఏళ్ల ఫెడరల్ ఉద్యోగినేనని, ఇప్పుడు పని లేకుండా నిలబడ్డానని అడ్డుతగిలాడు. దానికి కారణం సెనేట్ డెమొక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్ అని సభ్యుడు చెప్పబోతే, కాదు, బడ్జెట్ పాస్ చేసే మీ పని మీరు చేయకపోవడమేనని అతనన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ రేంజర్ కూడా ఆ రోజు జీతం చేతికి రాకుండానే ఎండలో నిలబడి ఉంది.

ఆ షట్‌డౌన్ 16 రోజులు సాగింది. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. రిపబ్లికన్ పార్టీపై సదభిప్రాయం గాలప్ సర్వేలో 28 శాతానికి పడిపోయింది. ఇంకేం, వచ్చే ఎన్నికల్లో పార్టీ పని అయిపోయిందని పండితులు తేల్చేశారు. కానీ 2014 నవంబర్‌లో అదే పార్టీ సెనేట్‌లో 9 సీట్లు అదనంగా గెలిచి మెజారిటీ తెచ్చుకుంది. ప్రతినిధుల సభలో 247కు చేరింది.

మధ్యలో ఏమైందంటే, డెమొక్రాట్ల తప్పు ఒకటి బయటపడింది. షట్‌డౌన్ మొదలైన అక్టోబర్ 1నే ఒబామాకేర్ బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ మొదలైంది. మొదలవుతూనే కుప్పకూలింది. 36 రాష్ట్రాల జనం దాని మీదే ఆధారపడగా, మొదటిరోజు దాని ద్వారా బీమా తీసుకోగలిగింది ఆరుగురు మాత్రమేనని అంతర్గత నోట్స్‌లో తేలింది. ఊళ్లో టీవీలన్నీ బారికేడ్లు చూపిస్తుండటంతో రెండు వారాల పాటు ఈ సంగతికి రావాల్సినంత ప్రచారం రాలేదు. ఒబామాకేర్‌ను అడ్డుకుంటామని బయల్దేరినవాళ్లే దాని అతిపెద్ద వైఫల్యానికి తెర కట్టారన్నమాట. షట్‌డౌన్ ముగిసి తెర లేచాక వెబ్‌సైట్ గొడవ మిగిలింది, రిపబ్లికన్ల గొడవ మరుగున పడింది. ఒకరి తప్పును ఇంకొకరి తప్పు కప్పేయడం అక్కడ ఇంత తేలిక. ఆ అక్టోబర్ 30న ఆరోగ్యశాఖ మంత్రి కాథ్లీన్ సెబీలియస్ కాంగ్రెస్ కమిటీ ముందుకొచ్చి, బాధ్యత నాదే, నన్నే అడగండి అన్నారు. తప్పు ఒప్పుకున్న కొద్దిమందిలో ఆమె ఒకరు. ఆర్నెల్లు తిరక్కుండానే రాజీనామా ప్రకటించారు. ఒప్పుకోనివాళ్లు చాలామంది మళ్లీ గెలిచారు. దీన్నుంచి మిగతావాళ్లు ఏం నేర్చుకుని ఉంటారో వేరే చెప్పాలా?

తప్పు తనదేనని ముందే ఒప్పుకున్న నాయకుడు మరొకరున్నారు. 2018 డిసెంబర్ 11న ఓవల్ ఆఫీసులో, కెమెరాల ముందు, డెమొక్రాట్ నాయకులు నాన్సీ పెలోసీ, చక్ షూమర్‌లతో వాదిస్తూ ట్రంప్ సరిహద్దు భద్రత కోసం షట్‌డౌన్ చేయడానికి గర్వపడతానని, ఆ భారం తానే మోస్తానని, మిమ్మల్ని నిందించనని అన్నారు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పి ఉండరు. పది రోజులు తిరిగేసరికి ఇక ఇది డెమొక్రాట్ల షట్‌డౌన్ అని ట్వీట్ చేశారు. మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలన్న ఆ గొడవ 35 రోజులు నడిచింది. చివరికి దక్కింది 137.5 కోట్లు. ఈలోగా ఫుడ్ బ్యాంకుల ముందు ఫెడరల్ ఉద్యోగులు క్యూ కడుతుంటే, వాళ్లకు ఆ అవసరం ఎందుకొచ్చిందో అర్థం కావడం లేదని, బ్యాంకు లోన్లు తీసుకోవచ్చు కదా అని వాణిజ్య మంత్రి విల్బర్ రాస్ టీవీలో ఆశ్చర్యపోయారు. మరుసటి రోజే, 2019 జనవరి 25న, కంట్రోలర్లు చాలినంతమంది రాక న్యూయార్క్ లాగార్డియాకు వచ్చే విమానాలను కాసేపు ఆపేశారు. అదే రోజు ట్రంప్ షట్‌డౌన్ ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు.

విమానాలు ఆగడం, రాజీ కుదరడం వెంటవెంటనే జరగడం యాదృచ్ఛికం అనిపించదు. 2025లోనూ అంతే. నవంబర్ 1 నుంచి దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది పేదల ఆహార సాయానికి గండిపడింది, కోర్టుల్లో కేసులు నడిచాయి, సెనేట్ మాత్రం కదల్లేదు. నవంబర్ 7న 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించడం మొదలైంది. రెండు రోజులకే, ఆదివారం రాత్రి, డెమొక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది సెనేటర్లు అటు వెళ్లి 60 లెక్క పూర్తిచేశారు. పేదవాడి కంచం కంటే టికెట్ కొన్నవాడి టెన్షన్ వాషింగ్టన్‌కు త్వరగా వినపడుతుందని అనుకోవడానికి ఈ రెండు తేదీలు చాలు.

2025లో షట్‌డౌన్ నడిచిన 43 రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లలోనూ టెన్షన్ తక్కువేమీ లేదు. హెచ్-1బీ కోసం కంపెనీ ముందుగా కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ తీసుకోవాలి. అక్టోబర్ 1న ఆ పని ఆగిపోయింది, దరఖాస్తు పెట్టే వెబ్‌సైటే మూతపడింది. ఉద్యోగం మారాలన్నా, పని చేసే ఊరు మారాలన్నా, వీసా పొడిగించుకోవాలన్నా ఎల్‌సీఏ లేకుండా అడుగు పడదు. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన పెర్మ్ కూడా అక్కడే నిలిచింది. ఇమ్మిగ్రేషన్ శాఖ, కాన్సులేట్లు ఎక్కువగా ఫీజుల డబ్బుతో నడుస్తాయి కాబట్టి అవి తెరిచే ఉన్నాయి. ఎల్‌సీఏ రానిదే అక్కడికి పట్టుకెళ్లడానికి కాగితం ఉండదు. ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో కొత్త కంపెనీ వెతుక్కుంటున్న వాళ్లకు ఒక్కో రోజూ లెక్కే. అక్టోబర్ చివర్లో, షట్‌డౌన్ ముగియకుండానే, కార్మిక శాఖ ఆ పనులు మళ్లీ మొదలుపెట్టింది. 2018-19లో కార్మిక శాఖకు ముందే నిధులు పాసై ఉండటంతో 35 రోజులూ ఎల్‌సీఏలు మామూలుగా వచ్చాయి. ఓటు హక్కే లేని వీళ్ల భవిష్యత్తు 12 బిల్లుల్లో ఏది పాసైంది, ఏది కాలేదన్న దాని మీద తిరుగుతుంది. వీళ్ల కోపాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన అవసరం ఏ పార్టీకీ లేదు.

షట్‌డౌన్ పెట్టి అడిగింది సాధించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1995లో మొదలైన వరుస షట్‌డౌన్లలో స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ బిల్ క్లింటన్‌ను లొంగదీయలేకపోయారు. ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ అంత్యక్రియలకు అధ్యక్షుడి విమానంలో వెళ్లొచ్చినప్పుడు తనతో ఎవరూ మాట్లాడలేదని, వెనుక తలుపు నుంచి దింపారని, తన పట్టుదలకు అదీ ఒక కారణమని గింగ్రిచే విలేఖర్లకు చెప్పుకున్నారు. న్యూయార్క్ పత్రిక డైలీ న్యూస్ మర్నాడు ఆయన్ని డైపర్ వేసుకుని ఏడుస్తున్న పసివాడిలా మొదటి పేజీలో బొమ్మ గీసింది. 2013లో ఒబామాకేర్ చెక్కుచెదరలేదు. 2025లో డెమొక్రాట్లకు దక్కింది సబ్సిడీ మీద ఓటింగ్ పెడతామన్న మాట మాత్రమే. డిసెంబర్‌లో ఓటింగ్ జరిగింది, బిల్లు ఓడింది, డిసెంబర్ 31తో సబ్సిడీ ముగిసింది.

అడిగింది దక్కకపోయినా మళ్లీ మళ్లీ ఎందుకు దిగుతారంటే, ఎన్నికల్లో దెబ్బ తగులుతుందన్న భయం లేదు. ఒక్కోసారి లాభమే కనిపిస్తుంది. షట్‌డౌన్ నడుస్తుండగానే, 2025 నవంబర్ 4న వర్జీనియా, న్యూజెర్సీ గవర్నర్ పదవులను డెమొక్రాట్లు గెలిచారు. ఫెడరల్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే వర్జీనియాలో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. షట్‌డౌన్ తమ పార్టీని దెబ్బతీసిందని మర్నాడు ట్రంపే ఒప్పుకున్నారు. ఆ వారంలోనే డెమొక్రాట్ సెనేటర్లు కొందరు రాజీకి వచ్చేసరికి, గెలిచే ఆటను వదిలేశారంటూ సొంత పార్టీలోనే మంటలు లేచాయి. అంతకు ముందు మార్చిలో షట్‌డౌన్ వద్దని రిపబ్లికన్ల బిల్లును ముందుకు పోనిచ్చిన షూమర్‌ను ఆ పార్టీ కార్యకర్తలు ఎంతలా తిట్టిపోశారో చూస్తే, ఆయన అక్టోబర్‌లో ఎందుకు బిగుసుకున్నారో అర్థమవుతుంది. నాయకుడు భయపడేది ఎదుటి పార్టీ ఓటరుకు కాదు, పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నికలో ఓడించగల సొంత పార్టీ ఓటరుకు.

మందు లేని జబ్బేమీ కాదిది. గడువు దాటితే పాత కేటాయింపులే వాటంతట అవే కొనసాగేలా చట్టం చేస్తే షట్‌డౌన్ అన్న మాటే ఉండదు. 1997లో రిపబ్లికన్లు అలాంటి నిబంధనను వరద సాయం బిల్లులో చేర్చి పంపారు. ఖర్చు పాత స్థాయిలోనే బిగుసుకుపోతుందన్న అనుమానంతో క్లింటన్ వీటో చేశారు. 2019లో డెమొక్రాట్ సెనేటర్ మార్క్ వార్నర్ స్టాప్ స్టుపిడిటీ అనే పేరు వచ్చేలా అక్షరాలు కూర్చి మరీ ఒక బిల్లు పెట్టారు. షట్‌డౌన్ వస్తే కాంగ్రెస్‌కు, అధ్యక్షుడి కార్యాలయానికి తప్ప మిగతా అందరికీ డబ్బు అందుతూనే ఉండాలన్నది అందులోని ఆలోచన. పేరుకు నవ్వారు, బిల్లును పక్కన పెట్టారు. రిపబ్లికన్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమొక్రాట్ మ్యాగీ హాసన్ కలిసి తెచ్చిన మరో బిల్లు ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. నిధులు పాస్ అయ్యేదాకా సభ్యులు వాషింగ్టన్ వదిలి పోకూడదని అందులో ఉంది. 2025లో ప్రతినిధుల సభ సెప్టెంబర్ 19న ఓటేసి ఇళ్లకు వెళ్లిపోయి, మళ్లీ నవంబర్ 12న గానీ ఓటింగ్‌కు రాలేదు. ఏడాదికి 1,74,000 డాలర్ల వాళ్ల జీతం వార్షిక బడ్జెట్ మీద ఆధారపడదు కాబట్టి, అది ఒక్కరోజు కూడా ఆగలేదు.